తిత్తీ, తడిగుడ్డా

డాక్టర్ రేహానా ఆ రోజు మొదట్లో కొత్త మందు గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గుంటూరులో తన పరిశోధనశాల పై అంతస్తులో, పొడవాటి బల్ల ముందు తొమ్మిదిమంది షుగరు జబ్బు మగవాళ్ళని కూర్చోబెట్టి, "ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఇన్సులిన్ ఎందులో పెట్టుకొచ్చారో తీసి బల్ల మీద పెట్టండి," అంది.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల లారీ డ్రైవరు యోహాను టీ ఫ్లాస్కు పెట్టాడు. ఒకాయన గడ్డం గీసుకునే పెట్టె పెట్టాడు. ఇంకొకాయన కళ్ళజోడు డబ్బా. ఒక బడిపంతులు టిఫిన్ గిన్నె మూత తీస్తే లోపల ఐసు కరిగి, ఆ నీళ్ళలో సీసా పడుకుని ఉంది, దాని చీటీ ఊడి పైకి తేలుతోంది. ఇద్దరు చొక్కా జేబుల్లోంచి చెమట పట్టిన సీసాలు తీశారు.

చెన్నకేశవులు ఏమీ పెట్టలేదు. పంచెకు జేబు ఉండదు.

"మీదండీ?" అంది డాక్టరు.

అతను గడ్డం ఎత్తి గుమ్మం వైపు చూపించాడు. అక్కడ నేల మీద, ఒళ్ళో వైరు సంచి పెట్టుకుని అతని పెళ్ళాం అంకమ్మ కూర్చుని ఉంది. సంచిలోంచి గుప్పెడంత మట్టి గురిగి తీసింది. గురిగికి చుట్టూ తడిగుడ్డ. లోపల సీసా, రెండు సిరంజీలు, కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోవడానికి బెల్లం ముక్క.

"నీదే బాగుందన్నా. నడిచే ఫ్రిజ్జు," అన్నాడు యోహాను.

అందరూ నవ్వారు. అంకమ్మ కూడా నవ్వింది. చెన్నకేశవులు నవ్వలేదు. నలుగురిలో నవ్వడం అతనికి చిన్నప్పటి నుంచీ లేదు.

అతను సాగర్ కాలవ మీద లస్కరు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి ఆరు మైళ్ళు కట్ట మీద నడుస్తూ, వంతు ప్రకారం తూములు ఎత్తి దించడం అతని పని. ఆ ఎండకి సీసాలో మందు మధ్యాహ్నానికే విరిగిపోతుంది. అందుకని పన్నెండేళ్ళుగా అంకమ్మ గురిగి పట్టుకుని అతని వెనకాల నడుస్తోంది. పిల్లల్లేరు. ఇంట్లో ఉండి ఆమె చెయ్యాల్సిన పనీ పెద్దగా లేదు. ఎప్పుడు చూసినా నూరు గజాలు వెనకబడి ఉండేది. అతను తిరిగి చూడకుండానే అరిచేవాడు.

"కాళ్ళీడ్చకే. తూము దగ్గర రైతులు కాసుకుని ఉన్నారు."

"వస్తన్నా, నువ్వు పద," అనేది ఆమె. పన్నెండేళ్ళూ అదే మాట.

ఆ రోజు పరిశోధనశాలలో డాక్టరు అసలు సంగతి చెప్పింది. ఇన్సులిన్ మోసుకెళ్ళే బాధ లేకుండా, దాన్ని పుట్టించే కణాలనే ఒక తిత్తిలో పెంచుతున్నారు. తమలపాకంత ఉంటుంది. మేకపిల్ల చెవిలాగా మెత్తగా ఉంటుంది. లోపలివైపు కంటికి కనపడనంత సన్నటి ముళ్ళు. ఒంటికి ఆనించి ఉంచితే ఆ ముళ్ళతో చక్కెర ఎంతుందో రుచి చూసి, ఎంత కావాలో అంత మందు తనే వదులుతుంది. కాకపోతే అది బతికున్న వస్తువు. మనిషి ఒంటి వెచ్చదనం తగులుతూ ఉండాలి. అంతకు ముందు దాన్ని బెల్టుకి కుట్టి ఇస్తే మగవాళ్ళు ఉక్కపోతకి విప్పి కొయ్యకు తగిలించి మర్చిపోయారు. ఆరు తిత్తులు అలాగే చచ్చాయి.

"మీ ఊళ్ళల్లో మగవాళ్ళు ఒంటి మీద నుంచి ఎప్పుడూ తియ్యనిది ఏదన్నా ఉందా?" అని అడిగింది డాక్టరు.

మగవాళ్ళు మొహాలు చూసుకున్నారు. గుమ్మం దగ్గర నుంచి అంకమ్మ జవాబు చెప్పింది.

"మొలతాడమ్మా. పురిట్లో కడతారు. నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా తియ్యరు."

డాక్టరు రాసుకుంది. ఎప్పుడూ తియ్యరా అని ఆమె మళ్ళీ అడగలేదు. పెళ్ళాం చచ్చిపోతే తీస్తారని అక్కడున్న మగవాళ్ళందరికీ తెలుసు. ఒకరి పెళ్ళాం గుమ్మం దగ్గర కూర్చుని ఉండగా ఆ మాట నోటితో అనడం ఎందుకని ఎవరికి వాళ్ళు ఊరుకున్నారు.

కణాలు ఇంకొకరి ఒంట్లోంచి తియ్యాలి. రక్తం కలవాలి. చెన్నకేశవులుకు అంకమ్మ మేనమామ కూతురు. మేనరికం కాబట్టి ఆమె రక్తం ఇట్టే కలిసింది. కడుపు పక్కన రూపాయి బిళ్ళంత కోసి తీసుకున్నారు. కుట్లు ఊడేదాకా ఆమె వంగి నడిచింది. యోహానుకి వాళ్ళమ్మ ఇచ్చింది. మిగతా వాళ్ళల్లో చాలామందికి ఎవరిదీ కలవలేదు.

మూడు నెలలకి తిత్తి వచ్చింది. డాక్టరు తన చేత్తోనే అతని మొలతాడుకి ఎక్కించింది. "చల్లదనం తగలకూడదు. సీసా మందుకి చలవ కావాలి, దీనికి వెచ్చదనం కావాలి. రెండూ ఎదురు. గుర్తుంచుకోండి," అని మూడుసార్లు చెప్పింది. అతను మూడుసార్లు తలూపాడు.

మర్నాడు పొద్దున అంకమ్మ అలవాటుగా గురిగి తడుపుతుంటే అతను చూశాడు.

"ఎందుకే అది? ఇంక నువ్వు రావక్కర్లా."

"ఊరికే వస్తాను. నడక అలవాటైపోయింది."

"నీ నడక చూడలేక చస్తన్నా. ఇంట్లో ఉండు."

ఆమె గురిగిని పెద్దకుండ పక్కన బోర్లించింది. ఇంట్లో ఫ్రిజ్జు ఉన్నా మందు ఎప్పుడూ అందులో పెట్టేది కాదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదని, పెద్దకుండలో తడి ఇసక పోసి, అందులో చిన్నకుండ దించి, దాంట్లో పెట్టేది. ఇప్పుడు ఆ కుండలో కూడా ఏమీ లేదు.

అతనికి హాయిగా ఉంది. వెనకాల కాళ్ళ చప్పుడు లేదు. సూది లేదు. తిత్తి పంచె కింద నడుముకు ఆనుకుని, పడుకున్న పిల్లి పొట్టలాగా వెచ్చగా ఉంది. ఆకలి వేళకి సన్నగా చీమ పాకినట్టు ఉండేది, అంతే. ఏడు నెలలు కాలవ కట్ట మీద రాజాలాగా నడిచాడు.

ఏడో నెలలో ఒక మంగళవారం సాయంత్రం ఐదింటికి ఇంటికొస్తే వాకిట్లో అంకమ్మ పక్కకు ఒరిగి ఉంది. చాటలో పెసలు సగం చెరిగి ఉన్నాయి. మిగతా సగం పావురాలు తింటున్నాయి. మనిషి దగ్గరికి వచ్చినా అవి లేవలేదు. పొద్దుటి నుంచీ అలవాటు పడి ఉంటాయి.

"గుండె. పదకొండింటప్పుడు అయ్యుండాలి," అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. "పక్కన ఎవరన్నా ఉండుంటే..." అని, చెన్నకేశవులు మొహం చూసి ఆపేశాడు.

పదకొండింటికి అతను నాలుగో తూము దగ్గర ఉన్నాడు. తిత్తి లేకపోతే ఆమె కూడా అక్కడే ఉండేది, నూరు గజాల దూరంలో. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. దహనం నుంచి వచ్చిన రాత్రి చాప మీద పడుకుని నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. మనిషి బూడిదైంది. రూపాయి బిళ్ళంత మాత్రం అక్కడ వెచ్చగా ఉంది. అతని చక్కెర చూసి, అతనికి ఎంత కావాలో అంత పెడుతోంది.

పెద్దకర్మ కాలవ రేవులోనే పెట్టారు. మంగలి గుండు చేశాడు. పాలివాళ్ళలో పెద్దవాడు కొండయ్య కత్తెర పట్టుకుని ముందుకొచ్చాడు.

"తాడు తెంపొద్దన్నా. దానికి మందు ఉంది," అన్నాడు చెన్నకేశవులు.

"మందుంటే విప్పి పక్కన పెట్టుకో. పెళ్ళాం పోయినోడికి తాడేందిరా?"

"ఆ మందు... అది అంకమ్మదే. ఆమె ఒంట్లోదే. ఇంకా బతికే ఉంది."

కొండయ్య చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూశాడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. పది రోజులుగా నిద్రలేని మనిషి ఏం మాట్లాడినా తప్పు పట్టకూడదని కళ్ళతోనే అనుకున్నారు.

"బతికుంటే ఇంకేం, అన్నం తినడానికి మీ ఇంటికొస్తాంలే. ముందు ఇటు తిరుగు," అని కొండయ్య తాడు పట్టుకుని కత్తిరించాడు. తిత్తి చెన్నకేశవులు చేతిలో పడింది. అతను గుప్పిట బిగించి నీళ్ళలో మునిగాడు. మూడు మునకలూ గుప్పిట పైకెత్తి పట్టుకునే మునిగాడు. అంతవరకు అందరూ చూశారు.

ఇంటికొచ్చాక ఇల్లంతా జనం. విస్తళ్ళు, నీళ్ళ చెంబులు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఎవరో తినమంటే తిన్నాడు. ఎవరో పడుకోమంటే పడుకున్నాడు. తెల్లారి లేచి నడుము తడుముకున్నాడు. ఏమీ లేదు. చాప దులిపాడు. పంచె దులిపాడు. ఇల్లంతా వెతికి, ఆఖరికి వంటింట్లో పెద్దకుండ మూత తీశాడు. తడి ఇసక మధ్య చిన్నకుండలో, తడిగుడ్డ చుట్టుకుని తిత్తి ఉంది. చల్లగా, బూడిదరంగులో, వానకి తడిసిన అట్టముక్కలాగా ఉంది.

వంటింట్లో గురవమ్మ గిన్నెలు తోముతోంది. అంకమ్మ చెల్లెలు. పక్క ఊరి నుంచి వచ్చి పది రోజులూ ఆ ఇంటి వంట మోసింది ఆమే.

"ఎవరు పెట్టారు దీన్ని ఇక్కడ?"

గురవమ్మ కుండ వైపు చూసింది. తిత్తి వైపు చూసింది. అతని మొహం చూసింది. చేతిలో గిన్నె కింద పెట్టింది.

"నువ్వు కాక ఇంకెవరు? వంటింట్లో ఇంకెవరున్నారు? మీ అక్కని నువ్వు రెండోసారి చంపావే. నా గడప తొక్కబాక ఇంక."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని, సంచి సర్దుకుని, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఏడవలేదు. అది చూసి అతనికి ఇంకా మండింది.

ఎనిమిది రోజులు తిత్తిని చంకలో పెట్టుకుని తిరిగాడు. రాత్రి పొట్టకి ఆనించుకుని దుప్పటి కప్పుకున్నాడు. మందుల షాపులో మళ్ళీ సీసా కొని సూదులు పొడుచుకున్నాడు. తిత్తి రంగు మారలేదు. ఎనిమిదో రోజు రాత్రి డాక్టరుకి ఫోను చేసి, పెళ్ళాం పోయిందనీ, తిత్తిని మరదలు చంపిందనీ చెప్పి, తొమ్మిదో రోజున గుంటూరు బస్సెక్కాడు.

పరిశోధనశాలలో యోహాను ఎదురుపడ్డాడు. అతను చొక్కా ఎత్తి నడుము చూపించబోయి, చెన్నకేశవులు గుండూ చంకలో తిత్తీ చూసి, చొక్కా దించేశాడు. "అన్నా," అన్నాడు. ఫ్లాస్కు మూత తీసి టీ పోసి ఇచ్చాడు. ఆ ఫ్లాస్కులో ఇప్పుడు టీయే ఉంటోంది.

డాక్టరు గదిలో బల్లకి ఇవతల గురవమ్మ కూర్చుని ఉంది.

"నేనే పిలిపించాను," అంది రేహానా. "మీ మేనమామ కూతురే కదా. ఆమె రక్తం కూడా కలుస్తుంది. ఇస్తానంటున్నారు. మూడు నెలల్లో ఇంకో తిత్తి..."

"చంపిన చేత్తోనే ఇస్తదా?"

"బావా," అంది గురవమ్మ.

"నోరుముయ్యి."

డాక్టరు తిత్తిని చేతిలోకి తీసుకుంది. వేలితో నొక్కి చూసి, ఒక పళ్ళెంలో పెట్టింది. అది పోయిందని చెప్పక్కర్లేకుండానే తెలిసింది. తర్వాత దాని అంచు చీల్చి బియ్యపు గింజంత చిప్పు తీసి యంత్రంలో పెట్టింది. "ఇది వెచ్చదనం రాస్తుంది. తాకిన మనిషి నాడి కూడా రాస్తుంది. మొలతాడు ఎందుకు తీశారో అర్థం కావట్లేదు. ఎప్పుడూ తియ్యరని మీ ఆవిడే చెప్పారు కదా?"

"పెళ్ళాం పోతే తీస్తారు."

రేహానా తెర మీద నుంచి తల తిప్పింది. "ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదే."

"మీరు అడిగారా?"

ఆమె మళ్ళీ యంత్రం వైపు తిరిగింది. తెర మీద ఒక గీత కదిలింది. "ఇదిగో, పదకొండు ఇరవైకి తాడు తెగింది. అప్పుడు కొంచెం తగ్గి మళ్ళీ ముప్పై ఆరు డిగ్రీలు. గుప్పిట్లో పట్టుకున్నారు. రెండింటి దాకా గుప్పిట్లోనే ఉంది. రెండు దాటి ఆరు నిమిషాలకి ఒక్కసారిగా పడిపోయింది." ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది. "చెన్నకేశవులు గారూ, ఇక్కడ ఇంకో నాడి లేదు."

"అంటే?"

"మొదటి నుంచి చివరి దాకా ఒకటే నాడి. ఏడు నెలలుగా ఇందులో ఉన్నదే. మీదే. కుండలో పెట్టినప్పుడు దీన్ని పట్టుకున్న చెయ్యి మీది."

అతను యంత్రం వైపు చూశాడు. తర్వాత గురవమ్మ వైపు చూశాడు. ఆమె తలొంచుకుంది.

"నువ్వు చూశావా?"

"చూశా బావా."

"ఏం చూశావు?"

"భోజనాలయ్యాక వంటింట్లోకి వచ్చావు. గుప్పిట విప్పి చెయ్యి చాపుకుని నిలబడ్డావు, ఎవరన్నా అందుకుంటారేమో అన్నట్టు. కాసేపు అట్టాగే ఉన్నావు. తర్వాత నువ్వే కుండలో ఇసక మీద నీళ్ళు చల్లి చేత్తో సర్దావు. గుడ్డ తడిపావు. గట్టిగా పిండావు. చుట్టి, కుండలో పెట్టి, మూత సరిగ్గా పడిందో లేదో తట్టి మరీ చూశావు. అచ్చం అక్క చేసినట్టే చేశావు. పన్నెండేళ్ళు చూసిన పని కదా, నేర్చుకున్నాడు అనుకున్నా. అది చలికి చచ్చిపోద్దని నాకేం తెలుసు?"

అప్పుడు గుర్తొచ్చింది. మొత్తం కాదు. గోళ్ళ కింద తడి ఇసక, అంతే. ఆ రోజు సాయంత్రం గోళ్ళలో ఇసక ఎందుకుందా అని ఒక్క క్షణం అనుకుని, రేవులో అంటుకుని ఉంటుందిలే అని కడుక్కున్నాడు.

"మరి నేను తిడతంటే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు తట్టుకునేవాడివా?" అంది గురవమ్మ. "తిట్టు నాకైతే రెండు రోజులు ఉంటది. నీకైతే ఎన్నాళ్ళుంటదో."

డాక్టరు గొంతు తగ్గించి, "ఆవిడ ఇస్తానన్న మాట ఇంకా అలాగే ఉంది," అంది.

చెన్నకేశవులు లేచాడు. పళ్ళెంలోంచి తిత్తి తీసుకున్నాడు. అది పరిశోధనశాల ఆస్తి, కానీ ఎవరూ అడ్డం చెప్పలేదు.

"వద్దమ్మా. ఒక మనిషిని కోయించి నడుముకు కట్టుకున్నా. ఆమెని ఇంట్లో వదిలేసి పోయా. ఇంకో మనిషిని కట్టుకోను."

గురవమ్మకి ఒక మాట చెప్పాలనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు. క్షమించమనే మాట అతని నోటికి జీవితంలో రాలేదు, అప్పుడూ రాలేదు. "ఎండగా ఉంది. చూసుకుని పో," అని మెట్లు దిగాడు.

తిత్తిని తెచ్చి నాలుగో తూము దగ్గర, కట్ట లోపలివైపు మట్టిలో పాతిపెట్టాడు. పదకొండింటికి తను ఉన్న చోటు అదే.

మర్నాడు పొద్దున పెద్దకుండ పక్కన బోర్లించి ఉన్న గురిగి తీశాడు. కడిగాడు. సీసా, సిరంజీలు, బెల్లం ముక్క పెట్టాడు. గుడ్డ తడిపి చుట్టి వైరు సంచిలో దించి, సంచి చేతికి తగిలించుకుని కట్ట ఎక్కాడు. వైరు సంచి పట్టుకుని నడుస్తున్న లస్కర్ని ఊరు ఎప్పుడూ చూడలేదు. ఎవరో నవ్వారు కూడా. అతను చూడలేదు.

మొదటి తూము దాటి ఒక ఫర్లాంగు పోయాక గురిగి తాకి చూశాడు. గుడ్డ ఎండి అట్ట కట్టింది. గురిగి వేడెక్కుతోంది. సంచి కింద పెట్టి, కట్ట దిగి, గుడ్డ కాలవలో ముంచి పిండి, మళ్ళీ చుట్టి, మోకాళ్ళు పట్టుకుని పైకెక్కాడు. ఇంకో రెండు ఫర్లాంగులకి మళ్ళీ ఎండింది. మళ్ళీ దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మూడోసారి దిగినప్పుడు, నీళ్ళ అంచున రాయి మీద కాలు పెట్టబోయి ఆగాడు. కట్ట వాలు మీద, గడ్డి మధ్యలో సన్నటి కాలిబాట ఉంది. ఒక్క మనిషి నడిచినంత వెడల్పు. పైనుంచి నీళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. ఏడు నెలలుగా ఎవరూ తొక్కక గడ్డి మళ్ళీ మొలుస్తోంది గానీ, దారి ఇంకా తెలుస్తోంది.

అతను తల తిప్పి వెనక్కి చూశాడు. ఆ కట్ట మీద అతను అలా వెనక్కి చూడటం అదే మొదటిసారి. మైలు పొడవునా, రెండేసి ఫర్లాంగులకి ఒకటి చొప్పున, గడ్డిలో అలాంటి దారులే ఉన్నాయి.

ఆమె కాళ్ళీడ్చింది కాదు. దిగి, తడిపి, ఎక్కి, ముందు పోతున్న వాణ్ణి అందుకోవడానికి పరుగెత్తేది. నూరు గజాలే వెనకబడిందంటే ఎంత వేగంగా పరుగెత్తేదో ఇప్పుడు మోకాళ్ళకి తెలుస్తోంది. పన్నెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ మాట చెప్పలేదు. అతను అడగనూ లేదు.

రెండో తూము దగ్గర నుంచి ఒక రైతు చెయ్యి ఊపుతూ అరిచాడు.

"ఏంది లస్కరూ, కాళ్ళీడుస్తన్నావు? మడి ఎండిపోతంది. తూము ఎప్పుడెత్తుతావు?"

చెన్నకేశవులు గుడ్డ నీళ్ళలో ముంచాడు. తొందరపడకుండా పిండాడు. గురిగికి చుట్టి, కొస లోపలికి దోపాడు.

"వస్తన్నా," అన్నాడు. "నువ్వు పద."